ముందస్తు మన్నింపు

నమోదు 212

గాలి: ఇద్దరి వాటా అందింది, ముగ్గురం పీల్చాం. నీరు: ఒక చెంబు మిగిలింది. తోటకూర తట్టలో రెండో కోత కోశాను.

ఉదయం మా వరస చివరి గోడ మీద ప్రకటన అంటించారు. నెలాఖరుకు ఇళ్ళలో గాలి మీటర్లన్నీ మారుస్తారట. ఇప్పటి మీటరు ఇంట్లోకి ఎంత గాలి వెళ్ళిందో మాత్రమే చెబుతుంది. కొత్తది ఎంతమంది పీలుస్తున్నారో కూడా చెబుతుందట. ఒక్కో మనిషి ఊపిరికి ఒక్కో తీరు ఉంటుందనీ, యంత్రం దాన్ని గుర్తుపడుతుందనీ రాశారు. ప్రకటన రెండుసార్లు చదివాను. మొదటిసారి భాషలో తప్పులు చూశాను. రెండోసారి మా ఇంట్లో ఊపిరులు లెక్కపెట్టాను.

పక్కింటి రత్నకుమారి నా భుజం మీదుగా తొంగిచూసి, ఇక తన భర్త గురక కూడా ప్రభుత్వ రికార్డులకెక్కుతుందని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుంది.

మా ఇంట్లో మూడో ఊపిరి సైదులుది. నా మనవరాలు మైథిలి భర్త. మైథిలీ నేనూ చంద్రుడి మీది ఈ నెలగుంట పౌరులం. అతను ఈ గుంట పైఅంచున ఖనిజం తవ్వే క్యాంపులో పుట్టాడు. అంచు క్యాంపుల వాళ్ళు లోపలికి రావాలంటే జనద్వారం దగ్గర పేరు రాయించుకుని, అనుమతి తీసుకుని రావాలి. అతను గాలి తొడుగు వేసుకుని ఖనిజం బండిలో రాళ్ళ కింద పడుకుని సరుకుద్వారం గుండా వచ్చాడు. అందుకే నెలగుంట లెక్కలో అతను లేడు. పెళ్ళి నమోదు చేసిన గుమాస్తా ఏ ద్వారం గుండా వచ్చావని అడగలేదు, అది అతని పని కాదు. కాబట్టి పెళ్ళి చెల్లుతుంది, పెళ్ళికొడుకు చెల్లడు.

అప్పటినుంచి ఇద్దరి గాలి ముగ్గురం పంచుకుంటున్నాం. సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. దేవుడి దగ్గర దీపం మానేశాను. దీపం కూడా గాలి తింటుంది.

మైథిలికి దుమ్ము ఊపిరితిత్తులు. వడపోత శాలలో పనిచేసిన వాళ్ళకు వచ్చే జబ్బే. ఉదయం, సాయంత్రం ఆమెను బోర్లా పడుకోబెట్టి, అరచేతులు దొన్నెల్లా వంచి వీపు మీద తట్టాలి. అలా తడితే కఫం కదిలి బయటికి వస్తుంది, లేకపోతే ఊపిరాడదు. ఇక్కడ మనుషులకు బరువు తక్కువ కాబట్టి దెబ్బ దెబ్బకీ మనిషి పైకి లేస్తుంది. ఒక మోకాలితో నడుము అదిమిపట్టి తట్టాలి. సైదులు బాగా తడతాడు. ఆ చప్పుడు బోలుగా, మూత పెట్టిన డబ్బా మీద కొట్టినట్టు వస్తుంది. అది ఆగాకే ఆమె నిద్రపోతుంది.

నెలాఖరు తరవాత ఆ చప్పుడు ఉండకపోవచ్చు. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను, కొట్టెయ్యలేదు.

నమోదు 214

లాయరు ఎస్తేరు గారి గదికి ముగ్గురం వెళ్ళాం. బట్టలుతికే శాల వెనక ఉంటుంది ఆ గది. గోడలకు చెమట పట్టి ఉంది. సైదులు దారంతా తల వంచుకునే నడిచాడు. ఎవరైనా ఎదురైతే మైథిలి దగ్గుతున్నట్టు అతని భుజం మీదికి వాలింది.

ఎస్తేరు గారు మా కథంతా వినలేదు. మొదట ఒకే ప్రశ్న అడిగారు.

"ఏ ద్వారం గుండా వచ్చారు, సైదులు గారూ?"

"సరుకుద్వారమమ్మా. ఖనిజం బండిల ఒచ్చిన."

"లోపలికి వచ్చేటప్పుడు అధికారి ఎవరైనా చూశారా?"

"జూస్తే నన్నీడ కూసోనిస్తరా?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. జనద్వారం గుండా వచ్చి, అనుమతి గడువు దాటిపోయినా ఉండిపోయిన వాడైతే చిక్కు లేదట. పౌరురాలి భర్త కాబట్టి ఊళ్ళో ఉండగానే దరఖాస్తు పెట్టి లెక్కలోకి ఎక్కవచ్చు. దొంగదారిన వచ్చినవాడు మాత్రం ముందు బయటికి వెళ్ళి, బయటినుంచి అడగాలి. బయటికి అడుగు పెట్టిన క్షణం నుంచి పదేళ్ళ నిషేధం మొదలవుతుంది.

ఇంకేమీ దారి లేదా అని అడిగాను. భార్య అంచు కాపలా దళంలో ఉంటే భర్త ఉన్నచోటే ఉండనిస్తారట. మైథిలిది వడపోత శాల, అది దళం కిందికి రాదు. సరుకుద్వారం దొంగలు ఎవరినైనా బలవంతంగా తెచ్చి అమ్మి ఉంటే, వాళ్ళ మీద సాక్ష్యం చెప్పినవాడికీ రక్షణ ఉందట. సైదులును ఎవరూ తేలేదు, తనంతట తానే వచ్చాడు. అబద్ధం చెబుదామా అన్నట్టు అతను నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

మిగిలినది ముందస్తు మన్నింపు. అతను బయటికి వెళ్ళకముందే, ఆ పదేళ్ళ నిషేధాన్ని మాఫీ చేయమని అడగడం. భర్త లేకపోతే పౌరురాలికి మామూలు బాధ కాదు, అసాధారణమైన కష్టం కలుగుతుందని రుజువు చేయాలి. మన్నింపు చేతికొచ్చాక అతను బయటికెళ్ళి, జనద్వారం దగ్గర ప్రశ్నలకు జవాబు చెప్పి, పేరు రాయించుకుని లోపలికి వస్తాడు.

వినడానికి సులువుగానే ఉంది. అప్పుడు ఎస్తేరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"దరఖాస్తు పెట్టామంటే అతను ఎక్కడున్నాడో మనమే చెప్పినట్టు. కాదన్నారనుకోండి, ఇక దాచడానికి ఏమీ మిగలదు. ఆలోచించుకోండి."

దరఖాస్తు పెట్టకుండా దాచగలమా అని అడిగాను. మీటరు మారాక ఎక్కడ దాస్తారండీ అన్నారు. ఆవిడ అడిగిన తీరులో వెటకారం లేదు.

సంతకాలు పెట్టి వచ్చాం.

నమోదు 221

గాలి: ఇద్దరి వాటా, ముగ్గురం. మైథిలికి రెండు పూటలా కఫం బాగానే వచ్చింది.

బయట బూట్ల చప్పుడైతే ముగ్గురం ఒకేసారి మాట ఆపేస్తున్నాం. దరఖాస్తు మీద నిర్ణయం వచ్చేదాకా ఎవరూ రారని ఎస్తేరు గారు చెప్పారు. ఆ మాట బుర్రకు తెలుసు, చెవులకు తెలియదు. సైదులు తలుపుకు ఎదురుగా కూర్చుని అన్నం తినడం మానేశాడు. వీపు గోడకు ఆనించి, గిన్నె చేత్తో పట్టుకుని తింటున్నాడు. పీట మీద కూర్చుని తినమని కసిరాను. కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని లేచాడు.

ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన దాన్ని. బడిలో ఎవరైనా భయపడితే నా వల్లే భయపడేవాళ్ళు. ఎదురుచూస్తూ భయపడడం నాకు అలవాటు లేదు. ఎలా చేయాలో తెలియడం లేదు.

నమోదు 226

ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు తనూజ. క్షేమ విభాగం నుంచి వచ్చానని, పెద్దవాళ్ళున్న ఇళ్ళు చూసి వెళతానని చెప్పింది. జుట్టు బిగించి ముడేసుకుని, శుభ్రంగా ఉంది. చేతిలో చిన్న రికార్డు పలక.

సరిగ్గా సాయంత్రం తట్టే వేళకు వచ్చింది. ఆమె తలుపు దగ్గర ఉండగానే సైదులును వెనక గదిలోకి పంపాను. మైథిలిని ముఖం కడుక్కుని రమ్మన్నాను. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచాను. పండగకు దాచిన పెసరపిండితో నాలుగు పునుకులు వేసి పళ్ళెంలో పెట్టాను. అమ్మాయి వద్దంది, తినాల్సిందేనన్నాను.

ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగింది.

"ఏ లోటూ లేదమ్మా. మనవరాలు ఇల్లంతా చక్కబెడుతుంది. మాకేం, హాయిగా ఉన్నాం."

మనవరాలి ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. కాస్త దగ్గు ఉండేది, తగ్గిందని చెప్పాను. మైథిలి పక్కనే కూర్చుని నవ్వుతోంది. దగ్గు ఆపుకుని ఆపుకుని మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగితే పునుకులో మిరపకాయ తగిలిందంది. నా పెంపకం వృథా కాలేదనుకున్నాను.

అమ్మాయి వెళ్ళి తలుపు మూసుకోగానే మైథిలి నేల మీద పడిపోయింది. సైదులు పరుగెత్తుకొచ్చి, దుప్పటి కూడా తీయకుండా మంచం మీద వేసి తట్టాడు. వచ్చిన కఫంలో నెత్తురు చారలు ఉన్నాయి. ఉతికిన దుప్పటి మళ్ళీ ఉతకాలి. నీటి వాటా చాలదు.

నమోదు 229

ఎస్తేరు గారు కబురు పంపితే నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఆ అమ్మాయి వచ్చింది పెద్దవాళ్ళను చూడడానికి కాదు. మన్నింపు దరఖాస్తు మీద పరిశీలకురాలు ఆమె. మొదటి పరిశీలన చెప్పకుండా చేయాలని నియమమట, చెబితే ఇళ్ళలో లేని కష్టాలు సర్ది పెడతారని. ఆమె రాసింది ఎస్తేరు గారు చదివి వినిపించారు. ఇంట్లో సౌకర్యంగా ఉన్నారు, పౌరురాలి ఆరోగ్యం మెరుగుపడింది, ఇంటిపని ఆమే చూసుకుంటోంది, అసాధారణమైన కష్టమేదీ కనిపించలేదు, ఈ మాటలు ఇంటి పెద్దే చెప్పారు.

"ఎందుకలా చెప్పారండీ?" అన్నారు ఎస్తేరు గారు.

"గడప దాటి వచ్చిన మనిషి ముందు మన బాధలు వడ్డిస్తామా?"

ఆవిడ ఆ కాగితం మడిచి పెట్టారు. తమ అమ్మగారైనా అలాగే చెప్పి ఉండేవారని నెమ్మదిగా అన్నారు. ఆ మాటతో నాకు ఊరట కలగాలి. కలగలేదు. నేను మర్యాద అనుకున్నది అక్కడ సాక్ష్యంగా కూర్చుంది. ఇంకెవరో చెప్పి ఉంటే కాదనవచ్చు. నా నోటి మాటే.

ఒక దారి ఉందట. గైర్హాజరు పరీక్ష. కుటుంబం ఒక్కసారే కోరవచ్చు. ఒక షిఫ్టు సేపు భర్తను సరుకుద్వారం దగ్గర కాపలాలో ఉంచుతారు. ఆ షిఫ్టంతా పరిశీలకురాలు ఇంట్లో కూర్చుని, అతను లేకుండా ఎలా గడుస్తుందో చూస్తుంది. ఆమె ఏమీ ముట్టుకోకూడదు, ఎవరికీ సాయం చేయకూడదు. కష్టం తేలకపోతే కాపలా నుంచి అటే క్యాంపుకు పంపేస్తారు. ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళడం కూడా ఉండదు.

ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. సైదులు ఒప్పుకోలేదు.

"నా కోసం దాని ఊపిరి పందెం పెట్టొద్దు అమ్మమ్మా. నేనే క్యాంపుకు పోత. పదేండ్లెంత, కండ్లు మూసి తెరిస్తే అయిపోతయ్."

"నీ కోసమని ఎవరన్నారు? నా వీపు కోసం," అంది మైథిలి. "పదేళ్ళూ దీన్ని ఎవరికి అప్పజెప్పి పోతావ్?"

అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు. నేను వంటకు లేచాను. ఏం వండానో ఇక్కడ రాయాలి, గుర్తులేదు.

నమోదు 233

ఉదయం ఇద్దరు కాపలావాళ్ళు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. సైదులు వెళ్ళేముందు మైథిలిని ఒకసారి తట్టి, నాకు మళ్ళీ చేతులు ఎలా పెట్టాలో చూపించాడు. వెళ్ళేటప్పుడు తల వంచుకోలేదు. మా వరసంతా వాకిళ్ళలో నిలబడి చూసింది.

తనూజ కుర్చీలో కూర్చుంది. మంచినీళ్ళు ఇవ్వబోయి ఆగాను. మంచం మీద దుప్పటి ముడతలు పడి ఉంది, సర్దడానికి చేయి చాచి వెనక్కి తీసుకున్నాను. వచ్చిన మనిషి ముందు ఇల్లు ఉన్నదున్నట్టు ఉంచడం ఇంత కష్టమని నాకు తెలియదు.

మధ్యాహ్నం దాటాక దగ్గు మొదలైంది. మైథిలిని బోర్లా పడుకోబెట్టి మోకాలితో అదిమి తట్టాను. నా కుడి మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. చప్పుడు బోలుగా రాలేదు, చపాతీ పిండి మీద కొట్టినట్టు చప్పగా వచ్చింది. దెబ్బ గట్టిగా వేస్తే నా మోకాలు జారి ఆమె మంచం మీంచి పైకి లేచిపోతోంది. పట్టుకుంటే తట్టలేను, తడితే పట్టుకోలేను. ఆమె పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. మంచం పక్కన ఊపిరి కొలిచే పెట్టె ఒకటే కూత పెడుతోంది. మైథిలి గోళ్ళు నా చీర అంచులో చిక్కుకున్నాయి. ఆ పట్టు మెల్లగా సడలడం మొదలైంది.

తనూజ నిలబడింది. పలకను రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనుకుంది.

"నాకు చేతకావడం లేదు," అన్నాను.

ఆ మాట నేను బతుకులో ఎవరితోనూ అనలేదు. తనూజ కదల్లేదు.

"నేను ముట్టుకోకూడదండీ," అంది.

"చూస్తూ నిలబడకు. ఆ పలక కింద పెట్టు. ఇలా రా. నేను మోకాలు వేసి పట్టుకుంటాను, నువ్వు తట్టు. వేళ్ళు దగ్గరికి. అరచేయి దొన్నెలా వంచు. అలా కాదు, ఇంకా వంచు. నడుము మీద కాదు, పక్కటెముకల మీద."

బడిలో గొంతు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది. తనూజ కొట్టింది. మొదట భయపడుతూ కొట్టింది, తిట్టాను. తరవాత సరిగ్గా కొట్టింది. బోలు చప్పుడు వచ్చింది. చాలాసేపు కొట్టాక మైథిలి లోపల ఏదో తెగినట్టయి కఫం బయటపడింది. గాలి లోపలికి పోయిన చప్పుడు గదంతా వినిపించింది.

తనూజ నేల మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంది. ఎర్రగా కందిపోయాయి. ఇలా రోజూ ఎన్నిసార్లు అని అడిగింది. రెండుసార్లు, జ్వరమొస్తే నాలుగు అని చెప్పాను. ఆ రోజు లోటు లేదని ఎందుకు చెప్పారని అడిగింది.

"నువ్వు మా ఇంటికి వచ్చావు కదమ్మా," అన్నాను. అంతకన్నా వేరే కారణం లేదు.

ఆమె చాలాసేపు రాసింది. లేచి, తాను ముట్టుకున్న సంగతి కూడా రాశానని చెప్పింది. నియమం తప్పింది కాబట్టి పరీక్ష చెల్లదని పైవాళ్ళు అనవచ్చు. రాయకుండా ఉండలేనంది. నేను వద్దనలేదు. తప్పుడు లెక్క రాయమని నేను ఎవరికీ చెప్పలేను. కానీ ఆమె వెళ్ళాక తలుపుకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె ఉద్యోగమూ నా మనవరాలి భర్తా రెండూ నా నోటి వల్లే పోతాయేమోనని చలి పుట్టింది.

షిఫ్టు ముగిసింది. సైదులు రాలేదు. నిర్ణయం వచ్చేదాకా కాపలాలోనే ఉంచుతారట.

నమోదు 234

గాలి: ఇద్దరి వాటా, ఇద్దరం. తలనొప్పి లేదు. తలనొప్పి లేకపోవడం భరించలేకపోతున్నాను.

తెల్లవారగానే రత్నకుమారి తలుపు కొట్టాను. ఇన్నేళ్ళలో ఆ తలుపు నేను ఏదైనా పెట్టడానికే కొట్టాను, అడగడానికి కొట్టలేదు. మా ఇంట్లో కష్టంగా ఉంది, రెండు పూటలా వచ్చి సాయం చేయాలి అన్నాను. వాక్యం ముందే కూర్చుకుని వెళ్ళాను, అయినా మధ్యలో ఆగిపోయింది.

"పదండి పిన్నిగారూ," అంది ఆమె, కొంగు దోపుకుంటూ. "మా ఆయన గురక పెట్టినప్పుడల్లా బాదుతూనే ఉంటాను, నాకేం కొత్త కాదు." నడుస్తూ, గొంతు తగ్గించి, మూడో మనిషి సంగతి పెళ్ళయినప్పటినుంచీ తనకు తెలుసంది. గోడ పల్చన, ఆ చప్పుడు ఆడవాళ్ళ చేతి చప్పుడు కాదంది.

వరసలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

నమోదు 239

మన్నింపు మంజూరైంది. పరిశీలకురాలు నియమం తప్పినందుకు ఆమె మీద విచారణ ఉంటుందట. కానీ చూస్తూ ఉండలేని స్థితి కలగడమే కష్టానికి రుజువని పైఅధికారి రాశాడట. ఎస్తేరు గారు చదువుతుంటే మైథిలి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను తరవాతి పేజీ చదవమన్నాను.

తరవాతి పేజీలో భయం ఉంది. మన్నింపు ఉన్నా అతను బయటికి వెళ్ళాల్సిందే. జనద్వారం దగ్గర గుమాస్తా ప్రశ్నలు వేస్తాడు. కొత్త తప్పు ఏది బయటపడినా అక్కడికక్కడే మన్నింపు రద్దు, పదేళ్ళు మొదలు. సైదులును కాపలా నుంచి ఇప్పటికే బయటికి పంపేశారట. ఏ తొడుగు ఇచ్చారో, అందులో గాలి ఎంత ఉందో ఎవరూ చెప్పలేదు.

నమోదు 241

ఇది జనద్వారం బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంది. బయటివాళ్ళు తొడుగుతో అందులోకి వస్తారు. లోపలి గుమాస్తా గొట్టం గుండా ప్రశ్నలు అడుగుతాడు. మాకు ఏమీ వినపడదు. గోడకు గాలి ఒత్తిడి చూపే ముల్లు ఒకటి ఉంది. ఒప్పుకుంటే గదిలోకి గాలి వదులుతారు, ముల్లు కదులుతుంది, లోపలి తలుపు తెరుచుకుంటుంది. ఒప్పుకోకపోతే ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది, మనిషి వెనక్కి తిరిగి బయటి తలుపు గుండా వెళ్ళిపోతాడు.

మా పక్కన కూర్చున్నావిడ పేరు మరియమ్మ. ఆమె భర్తదీ మా లాంటి కేసే. మాకన్నా ముందు వంతు వాళ్ళది. అతను గదిలోకి వచ్చి అద్దంలోంచి ఆమెకు చేయి ఊపాడు. ప్రశ్నలు చాలాసేపు సాగాయి. ముల్లు కదల్లేదు. బయటి తలుపు తెరుచుకుంది. ఆమె ఏడవలేదు. సంచీ ఒళ్ళోకి తీసుకుని అలాగే కూర్చుంది. లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టుంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను.

తరవాత సైదులు వచ్చాడు. తొడుగు మోకాళ్ళ దాకా బూడిద దుమ్ము. మా వైపు చూడలేదు, గొట్టం వైపే చూస్తున్నాడు. మైథిలి అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆమె వీపు వేగంగా లేస్తూ పడుతూ ఉంది. గుమాస్తా అడుగుతున్నాడు, సైదులు పెదవులు కదులుతున్నాయి, ఆగుతున్నాయి. ఒకచోట చాలాసేపు ఆగాయి. అప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతటి లెక్కనైనా చివరిదాకా చూసిన దాన్ని, దీన్ని చూడలేకపోయాను.

నా చేతిలో మరియమ్మ చేయి ఉంది. అది చల్లగా ఉంది. కొంతసేపటికి ఆ చేయి నా వేళ్ళను గట్టిగా నొక్కింది.

"కళ్ళు తెరవండమ్మా," అంది. "మీవాడికి ముల్లు కదుల్తోంది."